చూచుచు నిలిచినవాని ధర్మము

దుష్కార్యము చేసినవాడు దోషి యని చెప్పుటకు శాస్త్రము అక్కరలేదు. దానిని ఆపగలిగియు ప్రక్కన నిలిచి చూచినవాడు ఎవడు? అతడు వట్టి సాక్షియా, సహాయకుడా, లేక భయపడిన దీనుడా? ఈ ప్రశ్న ఎక్కడనైనను కష్టమైనదే. చూచినవాని చేతిలో ఆయుధము, ఒంటిపై ప్రభుత్వపు దుస్తులు ఉండి, అపరాధము చేయువాడు తనతో ఒకే పళ్ళెమున తినిన తోటివాడైనప్పుడు అది మరింత కఠినమగును. స్త్రీపై అత్యాచారము జరుగుచుండగా, లేక జరుగబోవుచుండగా, దండులోని తోటి సైనికుడు ఏమి చేయవలెను? ఠాణాలోని తోటి జవాను ఏమి చేయవలెను? సైన్యమునకును పోలీసు శాఖకును పిల్లలను పంపునది పల్లెలే గనుక ఇది సేనాపతులకే వదలదగిన ప్రశ్న కాదు. ఆ పిల్లలను పెంచిన ఇండ్లకును, వారికి దీక్ష యిచ్చిన మఠములకును ఇందులో భాగము కలదు.

ముందుగా ఒక మాటను గూర్చి చెప్పవలసి యున్నది. ఈ నేరమును మన పెద్దలు 'మానభంగము' అనిరి. వాడుకలో స్థిరపడిన మాటయే గాని అందొక అన్యాయము దాగియున్నది. పోయినది స్త్రీ యొక్క మానమనియు, చేసినవానిది కాదనియు ఆ మాట తెలియకయే ఒప్పించుచున్నది. చూచుచు నిలిచినవారి మానము మాట అసలే ఎత్తదు. ఈ వ్యాసమునకు కావలసినది ఆ మూడవవాని మానమే.

కౌరవ సభను స్మరింపని తెలుగు ఇల్లు లేదు. ద్రౌపది అడిగిన ధర్మ ప్రశ్నకు భీష్మ ద్రోణులు స్పష్టమైన సమాధానము చెప్పలేకపోయిరి. ధృతరాష్ట్రుని కుమారులలో చిన్నవాడైన వికర్ణుడు లేచి ఇది అధర్మమని పలికెను. అతనిని కర్ణుడు బాలుడని అధిక్షేపించెను. ఇంతవరకు అందరును చెప్పుకొందురు. అటు పిమ్మట జరిగినది తక్కువ మంది తలచుకొందురు. వికర్ణుడు అన్నల పక్షముననే యుద్ధము చేసి భీముని చేతిలో మరణించెను. అతని మృతికి భీముడు విచారించెను. నూరుగురిలో ఒక్కడు నోరు తెరచుట సామాన్యము కాదు. అయినను అతని మాటకు దుశ్శాసనుని చేయి ఆగలేదు. పలుకుట వేరు, అడ్డుపడుట వేరు. జటాయువు ముసలి పక్షి. రావణుని గెలువలేనని ఎరిగియు అడ్డుపడెను, ఓడెను, రెక్కలు పోగొట్టుకొనెను. ఆ ఓటమి నుండియే సీత జాడ రామునికి తెలిసెను. అడ్డుపడినవాడు గెలువకపోయినను అతని వలన నిజము బ్రతికి యుండుననుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

పురాణమును విడిచి, ఈ నేలపై జరిగిన చరిత్రకు వచ్చినచో 1948వ సంవత్సరము తప్పించుకొనరానిది. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు హైదరాబాదు సంస్థానపు పల్లెలపై పడి కావించిన దోపిడులు, హత్యలు, స్త్రీలపై జరిపిన ఘోరములు తెలంగాణ వృద్ధులు కన్నీటితో చెప్పిన కథలు. ఆ కాలముననే షోయబుల్లా ఖాన్ అను యువ పాత్రికేయుడు తన 'ఇమ్రోజ్' పత్రికలో రజాకార్లకు వ్యతిరేకముగా వ్రాసెను. అతడు ముస్లిము, వ్రాసినది తన మతము పేరు చెప్పుకొని దౌర్జన్యము చేయువారిపై. 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో అతనిని నరికి చంపిరి. పరులను ఖండించుట కంటె తనవారిని ఖండించుటకు ఎంత మూల్యము చెల్లింపవలెనో అతడు చూపెను.

ఆ యేడు సెప్టెంబరు 13న భారత సైన్యము సంస్థానమున ప్రవేశించెను; అయిదు దినములలో నిజాము లొంగిపోయెను. ఆ తరువాతి వారములలో జరిగిన దానిని గూర్చి చాలకాలము బహిరంగముగా మాటలాడలేదు. ప్రధాని నెహ్రూ కోరికపై పండిత సుందరలాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన సంఘము 1948 నవంబరు, డిసెంబరు మాసములలో జిల్లాలు తిరిగి నివేదిక సమర్పించెను. ఆ నివేదిక 2013 వరకు జనులకు అందుబాటులోనికి రాలేదు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ప్రతీకార హింస మిక్కిలి తీవ్రముగా నడచినదని అందు కలదు. హత్యలు, దోపిడి, స్త్రీలను ఎత్తుకొనిపోవుట, బలాత్కారములు జరిగినవని వ్రాసిరి. సైన్యము మొత్తము మీద క్రమశిక్షణతో మెలగినదని చెప్పుచునే, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడిలోను ఇతర నేరములలోను పాల్గొన్నట్లు నమ్మదగిన సాక్ష్యము తమకు లభించినదనియు దాచక చెప్పిరి.

ఆ నాలుగు జిల్లాలలో మూడు లింగాయతులు విస్తారముగా నివసించు జిల్లాలు. బసవ కల్యాణము బీదరు జిల్లాలోనిదే. శరణులు నడయాడిన మట్టిపై ఆ వారములు గడచినవని గుర్తుంచుకొనుట బాధాకరమే గాని అవసరము. పగ తీర్చుకొనుటకు కారణము లేకపోలేదు. రజాకార్లు చేసినది స్వల్పము కాదు. కాని చేసినవాడొకడు, ప్రతిఫలము అనుభవించినది వేరొకని భార్య, వేరొకని బిడ్డ. ఇంతకంటె అన్యాయపు లెక్క మరొకటి లేదు.

ఆ నివేదికలోనే వెలుగు గల వాక్యములును ఉన్నవి. ఇరుగు పొరుగు ముస్లిము కుటుంబములను, ఆడువారిని, హిందువులు తమ ప్రాణముల కోర్చి కాపాడిన సంఘటనలు సంఘము దృష్టికి వచ్చినవి. ఒకే వృత్తివారిలో ఇది ఎక్కువగా కనిపించినదట. హిందూ సాలెవారు ముస్లిము నేతగాండ్రకు అండగా నిలిచి, వచ్చిన మూకలను ఎదిరించి, కొందరు ప్రాణములే కోల్పోయిరి. ఎత్తుకొనిపోబడిన స్త్రీలను తిరిగి తెచ్చుటలో పలువురు హిందువులు తోడ్పడిరి. ఆ సాలెవారి పేర్లు లోకమునకు తెలియవు. వారు ప్రవచనములు చేసినవారు కారు. మగ్గము ప్రక్క మగ్గముపై కూర్చున్నవాని బాధ తమదిగా తోచినది, అంతే. కాయకము అను మాటకు పండితులు వ్రాసిన భాష్యములలో ఈ అర్థము సాధారణముగా కనిపించదు. ఒకే పని చేయు చేతుల నడుమ పుట్టు బంధుత్వము మతపు గోడను దాటగలదని వారు చేసి చూపిరి.

ఆ బంధుత్వమే దండులో విపరీత ఫలము నిచ్చుట విచారింపదగినది. సాలెవాడు తోటి సాలెవానిని రక్షించెను. సైనికుడు కూడ తోటి సైనికుని రక్షించును. కాని నేరము చేసినది ఆ తోటివాడే అయినప్పుడు, రక్షణ అనగా మాట బయటికి పొక్కకుండ చూచుట యని భ్రమపడును. విశ్వాసము అను సద్గుణమే అక్కడ మూతయై కూర్చుండును.

అమెరికా సేనలో జరిగిన ఒక సంగతి ఇచ్చట ఉపకరించును. 1968 మార్చి 16న వియత్నాములోని మైలై పల్లెలో అమెరికను సైనికులు వందల కొలది నిరాయుధులను, స్త్రీలను, పసివారిని కాల్చి చంపిరి. చంపుటకు ముందు స్త్రీలపై బలాత్కారములు జరిగినట్లు తరువాత సేన జరిపిన విచారణయే నిర్ధారించినది. హ్యూ థాంప్సన్ అను హెలికాప్టరు చోదకుడు పైనుండి ఇది చూచెను. పారిపోవుచున్న పల్లెవాసులకును వారిని తరుముచున్న తన దేశపు సైనికులకును నడుమ హెలికాప్టరు దింపెను. తాను వారిని బయటికి తెచ్చుచుండగా సైనికులు కాల్చినచో తిరిగి కాల్చుడని తన సహచరులు కోల్‌బర్న్, ఆండ్రియోటా లకు చెప్పి, ఆయుధము ఎత్తక తాను ముందుకు నడచెను. సుమారు పదిమందిని మరొక హెలికాప్టరులో పంపివేసెను. శవములతో నిండిన కాలువలో కదలాడిన ఒక బిడ్డను ఆండ్రియోటా దిగి ఎత్తుకొని వచ్చెను. థాంప్సన్ శిబిరమునకు పోయి పై అధికారులకు గట్టిగా చెప్పిన పిమ్మట అక్కడ కాల్పులు ఆపవలసినదిగా ఉత్తరువు వెడలెను.

అతనికి స్వదేశమున దక్కినది మొదట నింద. తోటి సైనికులపై తుపాకులు త్రిప్పించినవానిని శిక్షింపవలెనని శాసనసభ్యుడొకడు పట్టుపట్టెను. ముప్పది యేండ్లకు, 1998 మార్చిలో, ఆ ముగ్గురికిని సేన పతకము లిచ్చినది. అప్పటికి ఆండ్రియోటా యుద్ధమున మరణించి ముప్పది యేండ్లయినది. ఆ ఘోరమునకు శిక్ష పడినది ఒక్క అధికారికి. బలాత్కారములకు శిక్ష పడినవాడు ఒక్కడును లేడు.

పల్లెలో ఆనాడు నేరము చేయుటకు ఒప్పుకొనని సైనికులు మరికొందరు ఉండిరి. వారు కాల్చలేదు, ముఖము త్రిప్పుకొనిరి. థాంప్సన్‌కును వారికిని గల భేదమే ఈ ప్రశ్నకు మూలము. చేతులు శుభ్రముగా ఉంచుకొనుట ఒక ధర్మము. ఎదుటివాని చేయి పట్టుకొనుట మరొక ధర్మము. మొదటిది ఆచరించినవాడు తాను నిర్దోషినని తలచును. బాధితురాలి దృష్టిలో అతడును తలుపు దగ్గర నిలిచినవాడే.

మనుష్యులు ఎందుకు నిలిచిపోవుదురు? పిరికితన మొక్కటే కారణము కాదు. లటానే, డార్లీ అను అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1968లో ఒక పరీక్ష ప్రకటించిరి. గదిలో ఒంటరిగా కూర్చున్నవారు, పొగ లోనికి వచ్చుట చూచి, నూటికి 75 మంది లేచి చెప్పిరి. ఏమియు పట్టనట్లు నటించు ఇద్దరి నడుమ కూర్చున్నవారిలో చెప్పినది నూటికి పదిమందే. ప్రక్కవాడు కదలలేదు గనుక ప్రమాదము లేదని ప్రతివాడును అనుకొనును. ఆ ప్రక్కవాడును ఇతని ముఖమే చూచుచుండును. బాధ్యత పదిమందికి పంచబడి, ఎవని వాటాకును ఏమియు మిగులదు. దండులో అందరును ఒకే దుస్తులు ధరించి, ఒకే ఆజ్ఞకు కదలుటకు శిక్షణ పొందినవారు. అచ్చట మొదటివాడు కదలుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

1991లో అమెరికా నౌకాదళ వైమానికుల సమ్మేళనము లాస్ వేగాస్ నగరపు హోటలులో జరిగినప్పుడు, మూడవ అంతస్తు నడవలో అధికారులు ఇరువైపుల బారులు తీరి, వచ్చిన స్త్రీలను పట్టి హింసించిరి. 83 మంది స్త్రీలు, ఏడుగురు పురుషులు బాధితులని రక్షణ శాఖ విచారణ తేల్చినది. ఆ స్త్రీలలో తోటి అధికారిణులును కలరు. ఇది రణరంగము కాదు, ప్రాణభయము లేదు, శత్రువు లేడు. ఆ నడవలో ఉన్నవారందరును దుష్టులని చెప్పలేము. నవ్వినవారు, తప్పుకొనిపోయినవారు, ఇది ఏటేట జరుగునదే యని ఊరకున్నవారు అందులో ఉందురు. ఇట్టి అనుభవముల పిమ్మట ఆ దేశపు సేనలలో ప్రక్కవాడు ఎట్లు అడ్డుపడవలెనో నేర్పు శిక్షణలు ప్రవేశపెట్టిరి. వాటి సారము చిన్నదే: తుది క్షణము వరకు వేచియుండకుము. మొదటి అసభ్యపు పరిహాసము వద్దనే మాట తుంచుము. త్రాగినవానిని ఏదో పని చెప్పి ప్రక్కకు కొనిపొమ్ము. ఒంటరిగా సాధ్యము కానిచో మరొకని పిలువుము. ఆమె దగ్గరకు పోయి తోడుగా రావలెనా యని అడుగుము. ఇందు వీరత్వమున కంటె వేగిరపాటునకే విలువ యెక్కువ. పొగ కనబడినప్పుడు లేచినవానికి నిప్పులో దూకు అవసరము రాదు.

వీరశైవమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పంచాచారములలో భృత్యాచారము, గణాచారము అను రెండును కలవు. భృత్యాచారము వినయము; తాను అందరికంటె చిన్నవాడనను భావము, సేవకుని శీలము. గణాచారము అధర్మమును చూచి ఓర్చుకొనకపోవుట, సముదాయపు నడవడికి తాను పూటపడుట. సైనికుడు మొదటిదానిని చక్కగా నేర్చును, రెండవదానిని మరచును. ఈ రెండును ఒకే పట్టికలో ఏల ఉంచబడినవో యోచింపవలెను. వంగుట మాత్రమే తెలిసిన భృత్యుడు ఎవని చేతిలోనైనను పనిముట్టగును. దేశపు చట్టమును ఇదే చెప్పుచున్నది: 1950 నాటి సైనిక చట్టము శిక్షించునది న్యాయసమ్మతమైన ఆజ్ఞను ధిక్కరించినవానిని.

ఒక సత్యమును దాచరాదు. గణాచారము పేరిట కోపము పెచ్చరిల్లిన కథలును సంప్రదాయమున కలవు. శివనింద చేసినవానిపై కత్తి దూసిన భక్తులను పాల్కురికి సోమనాథుని బసవ పురాణము కీర్తించినది. పరునిపై ఎత్తిన గణాచారమునకు చప్పట్లు కొట్టువారు ఎల్లకాలమును దొరకుదురు. హరళయ్య, మధువరసులకు కల్యాణమున విధించిన క్రూర శిక్ష తరువాత రగిలిన అల్లరిని తలచుకొన్నను ఇదే తోచును. బసవేశ్వరుడు అప్పటికి కూడల సంగమమునకు తరలెనని సంప్రదాయము చెప్పుచున్నది. తనవానిపై, తన గణములోనివానిపై ఎత్తవలసివచ్చినప్పుడే ఆ ఆచారము యొక్క నిజమైన బరువు తెలియును. 1948లో రజాకారును ద్వేషించుట సులభము. రజాకారు భార్యపై చేయి వేయబోయిన తన ఊరివానిని ఆపుట గణాచారము.

ఇటీవలి చరిత్రయును ఇట్లే యున్నది. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో, రాత్రి సినిమా చూచి వచ్చుచున్న దంపతులను పట్టి తెచ్చిరి. భార్యపై అత్యాచారము జరిగినది. ఎదిరించిన భర్తను కొట్టగా అతడు మరణించెను. అతడు బీద రిక్షా కార్మికుడు. నగరము అట్టుడికినది, ఠాణాపై జనము విరుచుకుపడినది, కాల్పులు, కర్ఫ్యూ సంభవించినవి. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘము పోలీసులు దోషులని తేల్చినది. కేసు రాయచూరు న్యాయస్థానమునకు బదిలీ కాగా 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలైరి. ఆ స్త్రీ పేరు లోకమంతయు పలికినది. ఇచ్చట మరల పలుకనక్కరలేదు. వేల జనము మరునాడు వచ్చిరి. ఆ రాత్రి ఆ గోడల నడుమ ఒక్కడు "ఇది వలదు" అని తలుపుకు అడ్డుగా నిలిచి యుండినచో రెండు జీవితములు నిలిచెడివి.

విశాఖ మన్యములోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ దళమువారు తమపై అత్యాచారము చేసిరని 11 మంది కోదు గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేసిరి. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక న్యాయస్థానము 13 మంది నిందితులను నిర్దోషులుగా విడుదల చేసినది. దర్యాప్తు సరిగా జరుగలేదని న్యాయస్థానమే పేర్కొని, ఆ స్త్రీలకు పరిహారము ఇవ్వవలెనని ఆదేశించినది. తీర్పును గౌరవించుచునే ఒకటి గమనింపవచ్చును. అడవి మూలనున్న గిరిజన స్త్రీ సాయుధ దళములో ముఖములను గుర్తుపట్టి నిరూపింపవలెనన్నచో ఎట్లు సాధ్యము? అట్టిచోట ఎవడు తప్పు చేసెనో, లేక ఎవడును చేయలేదో, తెలిసి చెప్పగలవాడు దళములోనివాడే. సత్యము ఏ పక్షముననున్నను దానికి తాళపుచెవి తోటివాని నోటనే యుండును.

చట్టము కొంత మారినది. 1972 నాటి మథుర కేసులో సుప్రీం కోర్టు 1978లో పోలీసులను విడుదల చేసిన పిమ్మట దేశమున రేగిన ఆందోళన వలన 1983లో సవరణ వచ్చినది. నిర్బంధములోని స్త్రీ తాను ఒప్పుకొనలేదని చెప్పినచో న్యాయస్థానము ఆమె మాటనే గ్రహించి మొదలిడవలెను. సాయుధ బలగములవారి అత్యాచారము 2013 సవరణతో ప్రత్యేకముగా శిక్షార్హమైనది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 64వ విభాగము దానిని కొనసాగించినది. జనులకు అంతగా తెలియని మరొక నియమము కలదు. ఆత్మరక్షణ హక్కు తన దేహమునకే గాక పరుల దేహమునకును వర్తించును. అత్యాచారము చేయబూనినవానిని ఆపుటకు వేరు దారి లేనిచో, ఆ హక్కు ఎంతదూరమైనను పోవచ్చునని సంహిత 38వ విభాగము. అడ్డుపడినవానిని చట్టము ఒంటరిగా విడువలేదు. విడుచునది సాధారణముగా తోటివారే.

ఇట్లు చెప్పగా, పల్లెవాడు ఏమి చేయగలడని అడుగవచ్చును. వేల్పూరు మండలమే ఒక ఉత్తరము. 2001 నాటికి అచ్చటను పిల్లలు బడి మాని పనులలో నుండిరి. ఇతరుల బిడ్డ ఎవని పశువులను కాచినను ఎవరికి పట్టెను? అందరును చూచిరి, అందరును ఊరకుండిరి. ఆ యేడు కలెక్టరు, ఉపాధ్యాయులు, సర్పంచులు కలసి ఇల్లిల్లు తిరిగిరి. పనిలో పెట్టుకొన్నవారు పిల్లల తలపై నున్న అప్పులను బహిరంగముగా రద్దు చేసిరి. అక్టోబరు 2 నాటికి బాలకార్మికులు లేని మండలముగా ప్రకటించి, ఊరూర ఆ మాట ఫలకములపై వ్రాయించిరి. బాలకార్మికతయు అత్యాచారమును ఒకటి కావు. కాని 'నాకేల' అను మాట రెండింటికిని ఒకటే. ఆ మాటను ఒక మండలము కూడబలుకుకొని విడువగలిగినది.

పసుపు త్రవ్వు దినములలో కూలి స్త్రీలు చీకటితోనే చేలకు పోవుదురు. మేస్త్రీ యొక్కడు వెకిలి మాట అన్నప్పుడు గట్టు మీది యువకులు నవ్వుదురా, లేక 'ఆ మాట వెనుకకు తీసుకొనుము' అందురా? ఆ యువకులలో ఒకడు రేపు సిపాయి యగును. అతడు గట్టు మీద నేర్చినదే గస్తీలో చేయును. బందోబస్తు నుండియో సరిహద్దు నుండియో సెలవుపై ఇంటికి వచ్చిన కుమారుని తండ్రి జీతమెంత, బదిలీ ఎప్పుడు అని అడుగును. తల్లి చిక్కిపోతివేమి యని అడుగును. లింగపూజ ముగిసి భోజనమునకు కూర్చున్నప్పుడు, "నాయనా, మీ దళములో ఆడవారి యెడ ఎవడైన తప్పుగా నడచినచో నీవేమి చేసితివి?" అని అడుగు ఇల్లు ఇంకను అరుదు.